పేపర్లో శ్రద్ధాంజలి వేయించేవాళ్ళకి, కందుకూరు డీటీపీ షాపు నుంచి

మా షాపులో పొద్దున పూట పెళ్ళిపత్రికల పని, సాయంత్రం పూట శ్రద్ధాంజలి ప్రకటనల పని. ఇట్లా నేను పంచుకున్నది కాదు, వచ్చేవాళ్ళే అట్లా వస్తారు. పెళ్ళివాళ్ళు రాహుకాలం చూసుకుని తీరిగ్గా వచ్చి గంటసేపు రంగులు చూస్తారు. చావు ఇంటివాళ్ళు మధ్యాహ్నం మూడు, నాలుగింటికి బండి స్టాండు సరిగా వేయకుండానే లోపలికొచ్చి, “అక్కా, రేపటి పేపర్లో పడాల” అంటారు. చేతిలో ఆధార్ జిరాక్సు, ఫోన్లో ఒక ఫోటో. ఏం రాయమంటారు అని అడిగితే అందరిదీ ఒకటే మాట: “మీకు తెలుసు గదక్కా, మంచిగా ఏదో ఒకటి పెట్టండి.”

ఏదో ఒకటి పెట్టడం రెండు నిమిషాల పని. పాత ఫైలు తెరిచి, పేరు మార్చి, ఫోటో మార్చి ఇచ్చేయొచ్చు. చాలా ఏళ్ళు నేను చేసిందీ అదే. మా నాయన పోయినప్పుడు కూడా అదే చేశాను.

నాయన ఆర్టీసీ కండక్టరు, కందుకూరు డిపో. ఎక్కువ కాలం పామూరు రూటు. పేరు మాల్యాద్రి. మా వైపు వాళ్ళకి ఈ పేరు గురించి చెప్పక్కర్లేదు గానీ, మిగతావాళ్ళ కోసం చెప్తాను. వలేటివారిపాళెం దగ్గర మాలకొండ మీద లక్ష్మీనరసింహస్వామి ఉన్నాడు. గుడి వారానికి ఒక్క శనివారమే తెరుస్తారు. ఆ స్వామికి మొక్కుకుంటే పుట్టినవాళ్ళంతా మాల్యాద్రులు, మాలకొండయ్యలు, మాలకొండారెడ్లు, మాలకొండమ్మలు. బడిలో హాజరు పిలిస్తే ఒకే పేరుకి ముగ్గురు లేచి నిలబడేవాళ్ళు. అలాంటి చోట నేను ప్రకటన ఇట్లా రాశాను:

“శ్రీ మాల్యాద్రి గారు, ఏపీఎస్ఆర్టీసీ విశ్రాంత ఉద్యోగి, అనారోగ్యంతో స్వర్గస్థులైనారని తెలియజేయుటకు చింతిస్తున్నాము.”

తప్పేం లేదు. ఒత్తులన్నీ సరిగ్గా ఉన్నాయి. పెద్దకర్మకి బంధువులొచ్చారు, డిపో వాళ్ళొచ్చారు. నెలన్నర తర్వాత, మామిడికాయల కాలంలో, ఒక పెద్దాయన గంప నెత్తిన పెట్టుకుని మా ఇంటికి వచ్చాడు. ఉలవపాడు కాయలు తెచ్చి, కందుకూరులో నాయన బస్సు మీద గంపలు వేసుకుని, పామూరు వెళ్ళి అమ్ముకునే మనిషి. “కండక్టరు గారు లేరా అమ్మా?” అన్నాడు. విషయం చెప్పి, పేపర్లో కూడా వేశాం గదా అన్నాను. “చూశానమ్మా. మాల్యాద్రి అని ఉంది. ఎవరో ఆర్టీసీ ఆఫీసులో పెద్దాయన అనుకున్నా” అన్నాడు. గంప గడప దగ్గర దించి అట్లాగే కూర్చుండిపోయాడు. ఇరవై ఏళ్ళు రోజూ చూసిన మనిషి పేరు మాల్యాద్రి అని ఆయనకి అప్పుడే తెలిసింది.

ఫోటో ఉంది గదా అంటారేమో. దాని సంగతి కిందకొస్తుంది.

అప్పట్నించీ మా షాపుకి ఎవరొచ్చినా పేరు కంటే ముందు అడిగేది ఇదే: ఊళ్ళో ఆయన్ని ఏమని పిలిచేవాళ్ళు? ఇంట్లోవాళ్ళు ఒక్క క్షణం తడబడతారు. కొందరికి చెప్పడానికి సిగ్గు. తర్వాత చెప్తారు. సైకిల్ షాపు ఆయన. బుడ్డ పంతులు. పిండిమిషన్ అత్త. మిలిటరీ మామ. పేపరు చూసి “అరె, ఆయనేనా!” అనాల్సినవాళ్ళకి తెలిసిన పేరు అది. ఆధార్లో పేరు ప్రభుత్వానికి తెలిసిన పేరు. రెండూ ఉండాలి. “మాల్యాద్రి గారు, పామూరు బస్సు కండక్టరు” అని ఒక్క ముక్క ఎక్కువ వేసుంటే ఆ గంప మనిషి పెద్దకర్మకి వచ్చేవాడు.

పెద్దవాళ్ళకైనా ఇంతే. పుచ్చలపల్లి సుందరయ్య గారిది మన అలగానిపాడు. ఆయన అసలు పేరు సుందరరామిరెడ్డి. 1985లో ఆయన పోయినప్పుడు ఆ పేరుతో వార్త వేసుంటే సొంత జిల్లాలోనే ఎవరబ్బా అనుకునేవాళ్ళు. మారుపేరు మరీ వెక్కిరింపుగా ఉంటే వేయొద్దు. కుంటోడు, నత్తోడు లాంటివి ఇంట్లోవాళ్ళు ఒప్పుకున్నా నేను వేయను. దాని బదులు చేసిన పని, కూర్చునే చోటు వేస్తాను. “పాత బస్టాండు దగ్గర చెప్పుల కొట్టు” అంటే చాలు, తెలిసినవాళ్ళకి తెలిసిపోతుంది.

ఇప్పుడు అసలు పనిలోకి. ముందు మీకు కావాల్సింది వార్తా, ప్రకటనా తేల్చుకోండి. వార్త విలేకరి రాస్తాడు, డబ్బు కట్టక్కర్లేదు, పడుతుందన్న గ్యారంటీ కూడా లేదు. ప్రకటనకి డబ్బు కడతారు, మీరు రాసిందే పడుతుంది. రెండూ కలిపేసి “నేను డబ్బు కట్టాను, నా మాట ఎందుకు తీసేశారు” అని విలేకరి మీదకి పోయేవాళ్ళని చూశాను. పాపం ఆయనకి ఆ డబ్బుతో సంబంధమే ఉండదు.

ప్రకటనల్లో మన వైపు మూడు రకాలు నడుస్తాయి. పోయిన కబురు, పెద్దకర్మ పిలుపు, వర్ధంతి. పోయిన కబురు కోసం పేపరు మీద ఆధారపడొద్దు. పొద్దున పోయిన మనిషికి సాయంత్రానికి అంతా అయిపోతుంది. పేపరు మర్నాడు తెల్లవారుజామున వస్తుంది. ఆ పూటకి ఫోన్లు, వాట్సాప్ స్టేటస్, ఆటోకి కట్టిన మైకు, అంతే. పేపరు పనికొచ్చేది పెద్దకర్మకి. పది పన్నెండు రోజుల టైముంటుంది, దూరంలో ఉన్నవాళ్ళు సెలవు పెట్టుకుంటారు, రైలైతే సింగరాయకొండలో దిగి వస్తారు. అందుకని పోయిన మర్నాడే పరుగెత్తుకు రాకండి. కర్మ తేదీ పంతులు గారు ఖాయం చేశాక, దానికి మూడు నాలుగు రోజుల ముందు పడేట్టు చూసుకోండి. జమీన్ రైతు లాంటి వారపత్రికలో వేయించాలంటే ఆ వారం లెక్క ముందే చూసుకోవాలి. పెద్దకర్మ అయిపోయాక పిలుపు పడితే నవ్వులపాలు.

వర్ధంతిలో ఒక చిక్కుంది. ఇంట్లో ఆబ్దికం తిథి ప్రకారం పెడతారు. పేపర్లో వర్ధంతి తేదీ ప్రకారం వేస్తారు. రెండూ ఒకే రోజు రావడం అరుదు. భోజనాలకి పిలుస్తున్నారంటే తిథి నాడు వచ్చే తేదీ వేయండి. ఊరికే తలుచుకోవడానికైతే క్యాలెండరు తేదీ చాలు. అన్నట్టు వర్ధంతిలో ‘ధ’, శ్రద్ధాంజలిలో ‘ద్ధ’, స్వర్గస్థులులో ‘స్థ’. ఈ మూడు మాటలూ సరిగ్గా రాసుకొచ్చినవాళ్ళు నాకు పదిమందిలో ఒక్కరు దొరికితే గొప్ప.

షాపుకి వచ్చేముందు ఒక కాగితం మీద ఇవి రాసుకురండి: ఇంటిపేరుతో సహా పేరు, పిలిచే పేరు, వయసు, ఊరు, చేసిన పని, పోయిన రోజు, కర్మ ఎక్కడ ఎన్నింటికి, కుటుంబం వాళ్ళ పేర్లు. ఫోన్లో చెప్తాం రాసుకో అనొద్దు. ఆ గోలలో ఒకరు ‘వెంకటసుబ్బయ్య’ అంటారు, వెనకనించి ఇంకొకరు ‘వెంకటసుబ్బారావు’ అంటారు.

వయసు దగ్గర ఆధార్ని నమ్మకండి. మన పెద్దవాళ్ళలో జనవరి 1న పుట్టినవాళ్ళు ఎంతమందో చూస్తే ఆశ్చర్యమేస్తుంది. పుట్టినరోజు తెలియనివాళ్ళకి అట్లా రాసేశారు. నేను తుఫాన్లతో లెక్క కడతాను. 1989 నవంబరులో కావలి దగ్గర తీరం దాటిన తుఫాను మా వైపు ఎవరూ మర్చిపోలేదు. “ఆ తుఫానుకి మీ పెద్దోడు ఎంతుండేవాడు?” అని అడిగితే, “చంకలో ఉన్నాడు” అంటారు. మొదటి కాన్పుకి ఆమెకి ఎంత ఉండి ఉంటుందో అక్కడ్నించి లాక్కొస్తే దగ్గరికి వస్తాం. అయినా తేలకపోతే వయసు వదిలేయండి. నూటరెండు అని వేస్తే ఊళ్ళో వాళ్ళు పది తీసేసి చదువుకుంటారు.

ఊరు పేరు దగ్గర జిల్లా గొడవ కూడా ఉంది. కందుకూరు మొదట నెల్లూరు జిల్లా. 1970లో ఒంగోలు జిల్లా ఏర్పడినప్పుడు అటు పోయింది. 1972లో ఆ జిల్లాకి ప్రకాశం పేరు పెట్టారు. 2022 ఏప్రిల్లో జిల్లాలు మార్చినప్పుడు మళ్ళీ నెల్లూరులోకి వచ్చింది. 2025 చివర్లో తిరిగి ప్రకాశంలో కలిపారు. ఎనభై దాటిన మనిషైతే మంచంలోంచి కదలకుండానే జిల్లాలు మారాడన్నమాట. నెల్లూరులో ఉన్నప్పుడు గుడ్లూరాయన ఒకరు నాతో వాదన: “మా నాయన ప్రకాశం జిల్లాలో సర్పంచి, నెల్లూరని ఎట్టా వేస్తావు?” ఊరు, మండలం వేసి జిల్లా తీసేశాను. ఎవరికీ నష్టం లేదు. ఆ చుట్టుపక్కల వాళ్ళకి గుడ్లూరు అంటే ఏ గుడ్లూరో తెలుసు.

పోయారు అని చెప్పే మాట ఆ ఇంటివాళ్ళ నమ్మకాన్ని బట్టి ఉండాలి, మన ఇష్టాన్ని బట్టి కాదు. శివైక్యం చెందారు అనేవాళ్ళున్నారు. వైకుంఠ సమారాధన అని వేయమనేవాళ్ళున్నారు. రామాయపట్నం, ఒంగోలు వైపు బాప్టిస్టు కుటుంబాలు ఎక్కువ. వాళ్ళు “ప్రభువునందు నిద్రించారు” అంటారు, కర్మ అనరు, జ్ఞాపకార్థ కూడిక అంటారు. ముస్లింల ఇళ్ళలో మూడో రోజు జియారత్, నలభయ్యో రోజు చెహ్లుం. పార్టీ వాళ్ళైతే కామ్రేడ్ అని మొదలుపెట్టి సంస్మరణ సభ అంటారు. అక్కడ పొరపాటున స్వర్గస్థులు అని పడితే పెద్ద రభస. ఏ మాటా తోచకపోతే ‘కన్నుమూశారు’ అనండి. అది అందరికీ సరిపోతుంది. నాకు అన్నిటికంటే నచ్చే మాట కూడా అదే.

ఎందుకు పోయారో వేయాలా? అనారోగ్యంతో అని చాలు, అదీ అక్కర్లేదు. ప్రమాదాలు, ఉరి, పురుగుల మందు తాగడం లాంటివి ప్రకటనలో ఒక్క ముక్క కూడా రానివ్వొద్దు. ఆ ఇంట్లో పిల్లలు ఆ కాగితాన్ని ఇరవై ఏళ్ళ తర్వాత కూడా చూస్తారు.

కుటుంబం పేర్ల దగ్గరే అసలు టెన్షన్. నా కంప్యూటర్ ముందే అన్నదమ్ములు చొక్కాలు పట్టుకున్నారు. నేను పాటించే పద్ధతి ఇది: భార్య లేదా భర్త, తర్వాత పిల్లలు పుట్టిన వరసలో, ఆడా మగా కలిపి. కొడుకులందరూ ముందు, కూతుళ్ళు ఆ తర్వాత అనే పాత వరస అడిగితే వేస్తాను, కానీ అడిగిందాకా వేయను. మాట్లాడుకోని కొడుకు పేరు తీసేయమంటే, “ఇప్పుడు తీసేస్తే ఊరంతా అది చదువుతుంది, మీ నాయన గురించి చదవరు” అని చెప్తాను. సగం మంది వింటారు. మనవళ్ళ పేర్లన్నీ వేస్తే ప్రకటన రేషన్ కార్డు అవుతుంది. “మనవళ్ళు, మనవరాళ్ళు” అంటే సరి.

కీ.శే. ఎక్కడ పెడుతున్నారో ఒకటికి పదిసార్లు చూసుకోండి. ఇది చూడండి:

“కీ.శే. రామయ్య, వెంకటమ్మ గార్ల కుమారుడు.”

ఇందులో వెంకటమ్మ బతికుందా, లేదా? చదివేవాళ్ళు ఇద్దరూ పోయారనే అనుకుంటారు. ఆమె ఏమో కొడుకు శవం పక్కన కూర్చుని ఏడుస్తోంది. “కీ.శే. రామయ్య గారి, శ్రీమతి వెంకటమ్మ గారి కుమారుడు” అని విడగొట్టండి. రెండు మాటలు పెరిగితే పెరిగాయి.

పాత ఫైళ్ళ ప్రమాదం ఇంకోటి. ఒకసారి కరెంటు పోయి వచ్చిన హడావిడిలో నా దగ్గర కుర్రాడు పెళ్ళిపత్రిక ఫైలు మీదే పెద్దకర్మ పిలుపు టైపు చేశాడు. వధూవరులు అన్న మాట తీసేశాడు. “సకుటుంబ సపరివారంగా విచ్చేసి ఆశీర్వదించ ప్రార్థన” ఉండిపోయింది. నేను చూడలేదు. కార్డులు వంద అచ్చయ్యాక పోయినాయన బావమరిది వచ్చి కార్డు నా ముందు పెట్టాడు. “ఎవర్ని ఆశీర్వదించాలమ్మాయ్? పోయిన మా బావనా?” ఆయన నవ్వాడు గానీ నాకు నవ్వు రాలేదు. కార్డులు మళ్ళీ నా డబ్బుతోనే వేశాను. పేపర్లో పడుంటే మళ్ళీ వేయడానికి కూడా లేదు. అందుకే ఇప్పుడు శ్రద్ధాంజలికి ప్రతిసారీ ఖాళీ పేజీతోనే మొదలుపెడతాను.

ఇక ఫోటో. ఆధార్ ఫోటో తీసుకురావద్దని కాళ్ళు పట్టుకునైనా చెప్తాను. అందులో ఎవరూ వాళ్ళలా ఉండరు. పెళ్ళి ఆల్బంలో గుంపులోంచి కత్తిరిస్తే పక్కవాళ్ళ భుజం వస్తుంది, దాన్ని తీసేయడానికి తలలో సగం పోతుంది. ఇంట్లో వెతకండి. పండక్కి తీసిందో, అరుగు మీద కూర్చుని తీసిందో ఒకటుంటుంది. మొహం మీద వెలుగు పడాలి. న్యూస్ ప్రింటు, అంటే పేపరు అచ్చేసే కాగితం, ఇంకు పీల్చుకుని ఫోటో కంప్యూటర్లో కనిపించినదానికంటే నల్లగా వస్తుంది. మా నాయనకి నేను పెట్టింది సాయంత్రం పూట చూరు కింద తీసిన ఫోటో. తెరమీద బాగానే ఉంది. పేపర్లో మీసం తప్ప ఏమీ కనిపించలేదు. అప్పట్నించీ మొహాన్ని కొంచెం ఎక్కువ తెల్లగా చేసే పంపిస్తున్నాను. వాట్సాప్‌లో ఫోటోగా పంపితే నాణ్యత పడిపోతుంది, డాక్యుమెంట్‌గా పంపండి. వెనక కొండలు, జలపాతాలు, మేఘాల్లో దేవుడు పెట్టమంటే ఫ్లెక్సీకి పెట్టుకోండి. పేపర్లో అంగుళమంత చోటులో జలపాతం తెల్లమచ్చలా పడుతుంది.

సైజు ఎట్లా లెక్కేస్తారో తెలుసుకుంటే బేరం తేలిక. వెడల్పు కాలమ్‌లలో (పేజీలో ఒక్కో నిలువు పట్టీ ఒక కాలమ్), పొడవు సెంటీమీటర్లలో. రెండు కాలమ్‌ల వెడల్పు, పది సెంటీమీటర్ల పొడవు అంటే ఇరవై కాలమ్ సెంటీమీటర్లు. దాన్ని ఒక్క కాలమ్ సెంటీమీటరు రేటుతో హెచ్చవేస్తారు. కొన్ని పేపర్లు చదరపు సెంటీమీటర్ల లెక్క చెప్తాయి, ఏ లెక్కో ముందే అడగండి. రంగుల్లో వేస్తే రేటు పెరుగుతుంది. జిల్లా పేజీల్లో ఒక రేటు, రాష్ట్రమంతా పడేదానికి ఇంకో రేటు. పోయినాయన్ని తెలిసినవాళ్ళు ఎక్కడుంటే అక్కడి ఎడిషన్ తీసుకోండి. అంతా కందుకూరు, కావలి చుట్టూనే ఉంటే రాష్ట్రమంతా వేయించి ఏం లాభం? ఆ డబ్బుతో జిల్లా పేజీలోనే ఇంకో నాలుగు సెంటీమీటర్లు కొనుక్కుంటే అక్షరాలు పెద్దవాళ్ళు కూడా చదివే సైజులో వస్తాయి. ఏజెంటు పోయినవాళ్ళ ఆధార్, ప్రకటన ఇచ్చేవాళ్ళ ఆధార్ అడిగితే కోపం తెచ్చుకోకండి. బతికున్నవాళ్ళకి శ్రద్ధాంజలి వేయించే దుర్మార్గులు కూడా ఉంటారు మరి. ఇంకోటి, పేపర్లో పడింది గదా అని మరణ నమోదు మర్చిపోకండి. అది 21 రోజుల్లోపు పంచాయతీలోనో మున్సిపాలిటీలోనో చేయించాలి. బ్యాంకులో పేపరు కటింగు చూపిస్తే ఎవరూ డబ్బివ్వరు.

చోటు తగ్గించుకోవాలంటే ముందు పోయేవి విశేషణాలు. ప్రేమమూర్తి, త్యాగశీలి, అజాతశత్రువు, బహుముఖ ప్రజ్ఞాశాలి. అజాతశత్రువు అని వేసిన ఒకాయన మీద కోర్టులో పొలం కేసులు నడుస్తున్నాయని ఊరంతటికీ తెలుసు. వాటి బదులు ఆయన చేసిన ఒక్క పని రాయండి.

ఆడవాళ్ళ ప్రకటనల్లో ఇది ఇంకా కష్టం. ఒక మధ్యాహ్నం గుడ్లూరు వైపు నుంచి ఒక కూతురు వచ్చింది. వాళ్ళమ్మ పేరు మార్చి చెప్తాను, లక్ష్మమ్మ అనుకోండి. “అమ్మ ఏం చేసేదమ్మా?” అన్నాను. “ఏమీ లేదక్కా, ఇంట్లోనే.” ఈ జవాబు ఎప్పుడూ నమ్మకండి. మంచినీళ్ళిచ్చి కూర్చోబెట్టాను. మెల్లగా చెప్పింది. పొగాకు కాలంలో బ్యారన్ (ఆకు కాల్చే కొట్టం) దగ్గర కర్రలకి ఆకు కట్టేదంట. ఆ తర్వాత ఆకుని రకాలుగా వేరుచేసే గ్రేడింగు షెడ్డులో కూలి. కందుకూరు వేలం కేంద్రానికి పోయే ఆకు ఎంతో ఆమె చేతుల మీదగా పోయింది. కళ్ళు మసకబారాక కూడా వేళ్ళతో రుద్ది ఏ ఆకు ఏ కట్టలోకి పోవాలో చెప్పేదంట. చివరికి ఆమెనే అందరికీ మేస్త్రిని చేశారు. ముప్ఫై ఏళ్ళు. ఇదీ ‘ఏమీ లేదు’.

రాసి చూపించేలోపు బెంగళూరు నుంచి కొడుకు ఫోను. “గ్రేడింగు కూలీ అవన్నీ ఎందుకండీ, గృహిణి అని వేయండి. మా ఆఫీసు వాళ్ళు చూస్తారు.” నేను ఫోను కూతురి చేతికిచ్చి బయటికి వెళ్ళి టీ తాగొచ్చాను. ఆ గొడవ వాళ్ళదే, నాది కాదు. వచ్చేసరికి ఆ అమ్మాయి కళ్ళు ఎర్రగా ఉన్నాయి. “మీరు రాసిందే ఉంచండక్కా, కూలీ బదులు మేస్త్రి అనండి” అంది. మేస్త్రి నిజమే గదా. పడింది ఇది:

“గ్రేడింగు మేస్త్రి లక్ష్మమ్మ గారు (74) ఈ నెల 6వ తేదీ గురువారం ఉదయం ఇంటి దగ్గర కన్నుమూశారు. ముప్ఫై ఏళ్ళు కందుకూరు పొగాకు గ్రేడింగు షెడ్లలో పనిచేశారు. చేత్తో తడిమి ఆకు రకం చెప్పగలిగిన మనిషి. పెద్దకర్మ 16వ తేదీ ఆదివారం మధ్యాహ్నం 12 గంటలకు రామాలయం వెనక మా ఇంట్లో. అమ్మతో పనిచేసిన వాళ్ళందరూ రావాలి. ఇట్లు: కూతురు, కొడుకు, కోడలు, అల్లుడు, మనవళ్ళు.”

పేర్లు ఇక్కడ తీసేశాను, అసలు దాంట్లో ఉన్నాయి. “అమ్మతో పనిచేసిన వాళ్ళందరూ రావాలి” అన్న వాక్యం ఆ అమ్మాయిదే. బంధుమిత్రులు అని నేను రాస్తే కొట్టేసి అది పెట్టించింది. ఆ రోజు రెండు ఆటోల్లో ముసలమ్మలు దిగారంట. వాళ్ళలో చదువొచ్చినవాళ్ళు ఇద్దరో ముగ్గురో, మిగతావాళ్ళకి ఎవరో చదివి చెప్పారు. కొడుకు కుర్చీలు సరిపోక పక్కింటికి పరుగెత్తాడని ఆ అమ్మాయే చెప్పింది.

విలేకరికి ఇచ్చే వార్తకైనా ఇదే సరుకు. కాకపోతే ఆయనకి మొదటి వాక్యంలోనే పేరు, ఊరు, ఎవరు, ఎప్పుడు అన్నీ కావాలి. ఎందుకంటే చోటు లేకపోతే పేపరు ఆఫీసు డెస్కులో కిందనించి కోసుకుంటూ వస్తారు. కర్మ తేదీని చివర్లో పెడితే మొదట పోయేది అదే. పరామర్శించిన నాయకుల పేర్లు వాళ్ళే చేరుస్తారు, దానికి మీరు కష్టపడక్కర్లేదు.

పంపే ముందు ఒక పని. ఫోన్లో టైపు చేసింది యూనికోడ్, అంటే ఏ ఫోన్లోనైనా కనిపించే తెలుగు. మా దగ్గరా, చాలా ప్రెస్సుల్లోనూ నడిచేది అనూ ఫాంట్లు, వాటి పద్ధతి వేరు. మార్చేటప్పుడు ఒత్తులు ఎగిరిపోతాయి, క్ష కాస్తా ఇంకేదో అవుతుంది. అందుకే మార్చాక వచ్చిన పీడీఎఫ్ అడగండి. దాన్ని కళ్ళతో చూడొద్దు, గట్టిగా చదవండి, ఏడవని మనిషి చేత చదివించండి. తేదీ, వారం రెండూ క్యాలెండరులో కలుస్తున్నాయో లేదో వేలు పెట్టి చూడండి. ఫోను నంబరు ఒక్కటే ఇవ్వండి, అదీ ఆ రోజుల్లో ఎత్తగలిగిన వాళ్ళది. ఇంటి నంబరు, వీధితో సహా వేసి, కర్మ ఇంకో ఊళ్ళో పలానా టైముకి అని కూడా వేస్తే ఇల్లు ఖాళీగా ఉంటుందని దొంగలకి చెప్పినట్టే. అప్పులు, లావాదేవీల సంగతి శ్రద్ధాంజలిలో ఇరికించమనేవాళ్ళున్నారు. దానికి లాయరు గారి నోటీసు వేరే ఉంది, అటు వెళ్ళండి.

పడిన రోజు ఆరింటికల్లా బస్టాండు దగ్గరికి ఎవర్నైనా పంపి పది పేపర్లు తెప్పించుకోండి. ఎనిమిది దాటితే దొరకవు. ఒక కాపీ స్కాన్ చేయించి పెట్టుకోండి. న్యూస్ ప్రింటు రెండేళ్ళకే పచ్చబడిపోతుంది.

నాయన మొదటి వర్ధంతికి నేను మళ్ళీ వేశాను. ఈసారి పగటి వెలుగులో తీసిన ఫోటో, ఖాకీ చొక్కాలో, చంకన బ్యాగుతో ఉన్నది. పైన “మాల్యాద్రి గారు, పామూరు బస్సు కండక్టరు” అని పెద్ద అక్షరాల్లో. పొద్దున్నే ఏడింటికి ఫోను మోగింది. ఆ మామిడికాయల పెద్దాయన. ఎవరి చేతో నంబరు నొక్కించుకున్నాడు.

“చూశానమ్మాయ్, బాగానే వేశావు” అన్నాడు. “పామూరు ఒక్కటే వేశావేంది? శనివారాలు మాలకొండ స్పెషల్ కూడా ఆయనదే గదా.”

అది నాకు గుర్తే లేదు. వచ్చే ఏడు వేయాలని రాసి పెట్టుకున్నాను.